త్రాసు ఆగిన తర్వాత

సున్నపు బట్టీ దగ్గర పనిచేసినవాళ్లకు రాయి కాలిందో లేదో తేల్చుకోవడానికి పరికరం అక్కర్లేదు. చల్లారిన రాయిని చేతిలోకి తీసుకుని ఒకసారి ఎగరేసి పట్టుకుంటారు. తేలిగ్గా ఉంటే కాలినట్టు. బరువు తగిలితే లోపల ఇంకా పచ్చిరాయి మిగిలినట్టు. దాన్ని మళ్లీ బట్టీలోకే వేస్తారు. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి పూర్తిగా కాలితే మిగిలేది 56 కిలోల సున్నం. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి గాలిలో కలిసిపోతాయి. అరచేతికి తెలిసిన ఆ తేడాయే రాయి లోపల జరిగినదానికి సాక్ష్యం.

ఇదే పరీక్షను కొలిమి లోపలే, వేడి ఎక్కుతుండగానే, మిల్లీగ్రాములో వెయ్యో వంతును కూడా పసిగట్టే త్రాసుతో చేస్తే దాని పేరు థర్మోగ్రావిమెట్రీ. ల్యాబుల్లో అందరూ టీజీఏ అంటారు. నేను ఆ త్రాసు ముందు గడిపిన రోజుల్లో చాలా భాగం ఒకే ఒక్క తెల్లపొడి కోసం గడిచింది. అది బేరియం టైటనేట్.

పేరు విన్నవాళ్లు తక్కువ. అయినా అది లేని ఇల్లు ఇప్పుడు దొరకడం కష్టం. స్మార్ట్‌ఫోను విప్పి లోపలి సర్క్యూట్ బోర్డును చూస్తే గసగసాలంత గోధుమరంగు ముక్కలు వందల్లో కనిపిస్తాయి. అవి సిరామిక్ కెపాసిటర్లు. కాస్త విద్యుత్తును దాచిపెట్టుకుని, ప్రాసెసర్ అడిగిన మరుక్షణం ఇచ్చేసి, మళ్లీ నింపుకోవడం వాటి పని. ఒక్కో ముక్కను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆత్రేయపురం పూతరేకు గుర్తొస్తుంది. లోహపు పొర, సిరామిక్ పొర, మళ్లీ లోహం, మళ్లీ సిరామిక్, ఇలా వందల పొరలు. మంచి రకాల్లో ఒక్కో సిరామిక్ పొర మందం మైక్రాన్ కన్నా తక్కువ. అంటే తలవెంట్రుక మందంలో డెబ్బై ఎనభై పొరలు పేర్చవచ్చు. ఆ సిరామిక్ పొరలో ఉన్నది ముఖ్యంగా బేరియం టైటనేటే.

ఈ పదార్థం వెలుగులోకి వచ్చిన కథలో మన గూడూరుకూ ఒక మూల చోటుంది. 1940ల రేడియోల్లో నమ్మకమైన కెపాసిటర్ అంటే అభ్రకం కెపాసిటరే. పల్చటి రేకులుగా విడిపోయే ఆ కాకిబంగారం ప్రపంచానికి ఎక్కువగా భారతదేశం నుంచే వెళ్లేది. అప్పటి బీహారులోని కోడెర్మా నుంచి, నెల్లూరు జిల్లాలోని గూడూరు, సైదాపురం చుట్టుపక్కల గనుల నుంచి పెట్టెలకొద్దీ ఓడలెక్కేది. రెండో ప్రపంచయుద్ధంలో రేడియోలకూ రాడార్లకూ కెపాసిటర్లు లక్షల్లో కావాల్సి వచ్చాయి. సముద్రమార్గాలేమో ప్రమాదంలో పడ్డాయి. భారతదేశపు అభ్రకం అందకపోతే ఎలా అన్న బెంగ పట్టుకుంది. ప్రత్యామ్నాయం కోసం వెతికినవాళ్లు టైటానియం డయాక్సైడ్ దగ్గర ఆగారు. విద్యుత్తును దాచిపెట్టే గుణాన్ని సూచించే డైఎలక్ట్రిక్ స్థిరాంకం అభ్రకానికి 6, 7 ఉంటే, టైటానియం డయాక్సైడ్‌కు నూరు వరకు ఉంటుంది. దానికి బేరియం కలిపి కాలిస్తే ఆ అంకె ఒక్కసారిగా వెయ్యి దాటింది.

1942 ప్రాంతంలో అమెరికాలో వైనర్, సాలమన్ ఈ సంగతి గమనించారు. దాదాపు అదే కాలంలో జపాన్‌లో ఒగావా, వాకు, సోవియట్ యూనియన్‌లో వూల్ కూడా ఇదే చోటికి చేరారు. యుద్ధంలో ఎవరి రహస్యం వారిది. ఒకరి పని ఒకరికి తెలియకుండానే మూడు దేశాలు ఒకే పొడిని కాల్చాయి. దాని స్ఫటిక నిర్మాణాన్ని 1945లో హెలెన్ మెగా ఎక్స్‌రేలతో తేల్చారు. 1944లో క్యోటోలో అకిరా మురాటా పెట్టిన చిన్న కార్ఖానా యుద్ధం తర్వాత ఈ పదార్థాన్ని పట్టుకునే ఎదిగి, ఇవాళ ప్రపంచంలో అతిపెద్ద సిరామిక్ కెపాసిటర్ల తయారీ సంస్థగా నిలిచింది.

అభ్రకానికి పోటీగా వచ్చిన ఈ పదార్థపు ముడిసరుకు కూడా మన నేలలోనే ఉంది. కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోని అతిపెద్ద బెరైట్ నిక్షేపాల్లో ఒకటి. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. నీటికన్నా నాలుగున్నర రెట్లు బరువు. ఆ బరువు కోసమే దాన్ని ఎక్కువగా చమురు బావులు తవ్వేచోట బురదలో కలిపి వాడతారు. బేరియం పేరు కూడా బరువు నుంచే పుట్టింది. గ్రీకులో 'బారిస్' అంటే బరువైనది. సంస్కృతంలోని 'గురు' శబ్దానిది కూడా అదే మూలం. మనం ఛందస్సులో గురువు, లఘువు అని విడదీసేటప్పుడు వాడే గురువుకూ, మంగంపేట రాయిలోని మూలకానికీ ఇంత దూరపు చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది.

ముగ్గురాయి నేరుగా మన పనికి రాదు. బొగ్గుతో కలిపి వెయ్యి డిగ్రీలకు పైన కాలిస్తే నీటిలో కరిగే బేరియం సల్ఫైడ్ వస్తుంది. ఆ ద్రావణంలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే తెల్లటి బేరియం కార్బొనేట్ అడుగుకు దిగుతుంది. ఇక్కడొక హెచ్చరిక. ఆసుపత్రిలో కడుపు ఎక్స్‌రే తీసేముందు రోగికి తాగించే తెల్లటి ద్రవంలో ఉండేది బేరియం సల్ఫేట్. అది నీటిలోనూ, కడుపులోని ఆమ్లంలోనూ కరగదు కాబట్టి హాని లేదు. బేరియం కార్బొనేట్ అలా కాదు. కడుపులోని ఆమ్లంలో కరిగి ప్రాణం తీయగలదు. ఎలుకల మందుగా కూడా వాడారు. చూపుకు రెండూ ఒకేలాంటి తెల్లపొడులు. ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు మొదట చెప్పాల్సింది ఇదే.

రెండో ముడిసరుకు టైటానియం డయాక్సైడ్. మన గోడల రంగుల్లో తెల్లదనం అదే. కేరళ తీరంలో, భీమిలి నుంచి శ్రీకాకుళం వరకు మన తీరంలో కనిపించే నల్ల ఇసుకలోని ఇల్మనైట్ దాని ఖనిజాల్లో ఒకటి.

వంటకం చెప్పడానికి సులువు. నూరు గ్రాముల మిశ్రమానికి 71.19 గ్రాముల బేరియం కార్బొనేట్, 28.81 గ్రాముల టైటానియం డయాక్సైడ్. కార్బొనేట్‌ను ముందు బాగా ఆరబెట్టి తూచాలి. అగేట్ రోట్లో అసిటోన్ పోసి గంటల తరబడి నూరాలి. ఫ్యాక్టరీలో అయితే ఆ పని బాల్ మిల్ చేస్తుంది. తర్వాత మఫిల్ ఫర్నేసులో కాల్చాలి. కార్బొనేట్‌లోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. మిగిలిన బేరియం, టైటానియంతో, ఆక్సిజన్‌తో కలిసి కొత్త స్ఫటికం కడుతుంది. పోయే బరువు నూటికి 15.88. మిగిలేది 84.12.

ఈ 15.88 అనే అంకెను గుర్తుంచుకోండి. నన్ను ఒకసారి దారి తప్పించిన అంకె ఇది.

చెప్పడానికి సులువైన ఈ చర్య జరగడానికి ఎందుకంత వేడి? ఏదీ కరగదు కాబట్టి. నీటిలో ఉప్పు, పంచదార కలిసినట్టు ఇక్కడ కలవడానికి ద్రవమే లేదు. టైటానియం డయాక్సైడ్ 1800 డిగ్రీలు దాటితే గాని కరగదు. మనం కాల్చేది వెయ్యి, 1100 డిగ్రీల దగ్గర. రెండు గట్టి రేణువులు ఒకదాన్నొకటి తాకినచోట మాత్రమే చర్య మొదలవుతుంది. ఆ తర్వాత అయాన్లు రాతి లోపల ఒక్కో అడుగూ వేసుకుంటూ నడవాలి. శక్తి లెక్కలు వేస్తే ఈ చర్య గాలిలో 400 డిగ్రీల లోపే సాధ్యం కావాలి. అక్కడ మాత్రం ఏమీ జరగదు. అనుమతి ఉంది గానీ అయాన్లకు నడిచే సత్తువ లేదు. ఆ సత్తువ ఇచ్చేదే వేడి.

ఇంకో వింత కూడా ఉంది. బేరియం కార్బొనేట్‌ను ఒంటరిగా వేడిచేస్తే సున్నపురాయి కన్నా ఎంతో మొండిగా నిలబడుతుంది. సున్నపురాయి సుమారు 900 డిగ్రీల దగ్గర తన కార్బన్ డయాక్సైడ్‌ను ధారాళంగా వదిలేస్తే, బేరియం కార్బొనేట్‌కు ఆ స్థితి రావాలంటే 1300 డిగ్రీలు దాటాలి. అదే బేరియం కార్బొనేట్ పక్కన టైటానియం డయాక్సైడ్ ఉంటే, పొడి సన్ననిదైతే 600, 700 డిగ్రీల మధ్యే వదలడం మొదలుపెడుతుంది. ఒక మోల్ కార్బొనేట్‌ను ఒంటరిగా విడగొట్టడానికి దాదాపు 270 కిలోజౌళ్లు కావాలి. టైటానియం డయాక్సైడ్ తోడుంటే నూరు కిలోజౌళ్లకు కాస్త పైన చాలు. బయటపడే బేరియం ఆక్సైడ్‌కు ఉండటానికి ఒక ఇల్లు సిద్ధంగా ఉంది. అందుకే విడిపోవడం అంత తేలిక.

ఇదంతా మూసిన కొలిమిలో, తెల్లటి వేడిలో, కంటికి ఆనని రేణువుల మధ్య జరుగుతుంది. తెలుసుకునేదెలా? 1887లో ఫ్రాన్స్‌లో ల షటెల్యే బంకమట్టిని వేడిచేస్తూ, దాని ఉష్ణోగ్రత ఎక్కడెక్కడ తడబడుతోందో నమోదు చేశాడు. మట్టిలోంచి నీరు పోయేటప్పుడు వేడి ఎక్కడం కాసేపు నెమ్మదిస్తుంది. 1899లో ఇంగ్లండులో రాబర్ట్స్-ఆస్టిన్ ఆ పద్ధతికి పదును పెట్టాడు. 1915లో జపాన్‌లో కోతారో హోండా కొలిమికి త్రాసును జతచేసి థర్మోబ్యాలెన్స్ తయారుచేశాడు. ఇవాళ ల్యాబుల్లో ఒకే యంత్రం ఈ రెండు పనులూ కలిపి చేస్తుంది.

రాబర్ట్స్-ఆస్టిన్ ఉపాయం నాకు ఎప్పటికీ ఇష్టం. ఒకే పొయ్యి మీద ఒకే సైజు ముంతలు రెండు పెట్టారనుకోండి. ఒకదానిలో ఎండు ఇసుక, రెండోదానిలో తడి ఇసుక. మంట ఒకటే. నూరు డిగ్రీల దగ్గర ఎండు ఇసుక ముందుకు వెళ్లిపోతుంది, తడి ఇసుక నీరంతా ఆవిరయ్యేవరకు వెనకబడుతుంది. రెండు ముంతల్లో థర్మోకపుల్ పెట్టి, వాటి ఉష్ణోగ్రతల తేడాను మాత్రమే గీస్తే, మామూలుగా సున్నా దగ్గర సాగే గీతలో అక్కడ ఒక గుంట పడుతుంది. గుంట పడితే లోపల ఏదో వేడిని మింగింది. మిట్ట వస్తే ఏదో వేడిని విడిచింది. ఇదే డీటీఏ. ఎండు ఇసుక స్థానంలో ఏ మార్పూ చెందని అల్యూమినా పొడి, తడి ఇసుక స్థానంలో మన నమూనా. ముంతలేమో చిటికెన వేలి గోరంత ఉంటాయి.

బరువు గీత, వేడి గీత పక్కపక్కన ఉంటే ఒకటి చెప్పనిది రెండోది చెబుతుంది.

మన మిశ్రమాన్ని 20 మిల్లీగ్రాములు తీసుకుని నిమిషానికి పది డిగ్రీల చొప్పున వేడిచేద్దాం. మొదట్లో బరువు గీత కాస్త దిగుతుంది. అది పొడి పట్టుకున్న తేమ. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. మైక్రాన్ సైజు మామూలు పొడులైతే 700 డిగ్రీలు దాటాక గీత వంగడం మొదలై, 800, 900ల మధ్య ఏటవాలుగా దిగి, వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల మళ్లీ చదునవుతుంది. పొడి ఎంత సన్ననిది, ఎంత బాగా కలిసింది అన్నదాన్ని బట్టి ఈ అంకెలు ముందుకూ వెనక్కూ జరుగుతాయి.

వేడి గీతలో 811 డిగ్రీల దగ్గర ఒక సన్నటి గుంట కనిపిస్తుంది. బరువు గీతను చూస్తే అక్కడ ప్రత్యేకంగా ఏ మెట్టూ లేదు. వేడిని మింగింది, దానికోసం అదనంగా బరువు పోలేదు. అంటే అక్కడ జరిగింది విడిపోవడం కాదు. బేరియం కార్బొనేట్ లోపల అయాన్లు సర్దుకుని కొత్త వరుసలో కూర్చున్నాయి. ఆ పొందిక ఎంత కచ్చితంగా అదే ఉష్ణోగ్రతలో మారుతుందంటే, డీటీఏ యంత్రాలను సరిచూసుకోవడానికి అంతర్జాతీయంగా ఎంచుకున్న ప్రామాణిక పదార్థాల్లో బేరియం కార్బొనేట్ కూడా ఉంది. మన ముడిసరుకే మన కొలబద్ద.

ఈ గుంట విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. 811 డిగ్రీలు చేరేసరికి నమూనాలో ఎంత కార్బొనేట్ మిగిలి ఉంటే గుంట అంత లోతుగా ఉంటుంది. ముతక పొడిలో లోతుగా ఉంటుంది. బాగా నూరిన పొడిలో అప్పటికే చాలా కార్బొనేట్ చర్యలో పాల్గొని ఉంటుంది కాబట్టి గుంట చిన్నబోతుంది. అతిసన్నటి నానో పొడుల్లో దాదాపు కనబడకుండా పోతుంది. రోట్లో ఎంతసేపు నూరామో, ఎంత శ్రద్ధగా కలిపామో ఆ గుంట చూసి చెప్పవచ్చు.

ఇప్పుడు 15.88 దగ్గరికి వద్దాం.

పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో నా మొదటి మంచి గీత చేతికొచ్చినప్పుడు బరువు నష్టం 15.9 శాతం చూపించింది. వెయ్యి డిగ్రీల తర్వాత గీత నేలలా చదునుగా ఉంది. లెక్కకు సరిగ్గా సరిపోయింది. చర్య పూర్తయిందని నోట్‌బుక్కులో రాసేసి, అదే ఉష్ణోగ్రతలో కొద్దిసేపు కాల్చిన పొడితో బిళ్లలు నొక్కి, వాటిని ఇంకా ఎక్కువ వేడిలో కాల్చడానికి సిద్ధమవుతున్నాను. మా గైడు గీతను చాలాసేపు చూసి ఒకే మాట అడిగారు.

"త్రాసును అడిగావు సరే, ఎక్స్‌రేను అడిగావా?"

"లేదు సార్" అన్నాను.

ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో బేరియం టైటనేట్ రేఖలతో పాటు, అక్కడ ఉండకూడని రేఖలు కొన్ని వచ్చాయి. కొన్ని చర్యలో పాల్గొనని టైటానియం డయాక్సైడ్‌వి. కొన్ని, ఒక టైటానియానికి రెండు బేరియాలు ఉండే డైబేరియం టైటనేట్‌వి. ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేస్తే విషయం అర్థమైంది. రెండు పాళ్ల కార్బొనేట్, రెండు పాళ్ల టైటానియం డయాక్సైడ్ తీసుకుందాం. అవి నేరుగా రెండు పాళ్ల బేరియం టైటనేట్‌గా మారినా పోయేది రెండు పాళ్ల కార్బన్ డయాక్సైడే. అలా కాకుండా బేరియమంతా ఒకే పాలు టైటానియంతో కలిసి డైబేరియం టైటనేట్‌గా మారి, ఇంకో పాలు టైటానియం డయాక్సైడ్ ఒంటరిగా మిగిలిపోయినా పోయేది అంతే. బరువు నష్టం రెండు దారుల్లోనూ 15.88 శాతం. త్రాసుకు ఈ రెంటి మధ్య తేడా ఎప్పటికీ తెలియదు. అది లెక్కపెట్టేది బయటికి వెళ్లిన వాయువును. లోపల ఎవరు ఎవరితో కలిశారన్నది దాని లెక్కలోకి రాదు.

అసలు దారి ఎలా సాగుతుందో 1980లలో ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో బోజే, ముటాన్, నియెప్స్ జాగ్రత్తగా పరిశీలించి 1983లో ప్రచురించారు. వాళ్ల చిత్రం ఇలా ఉంటుంది. బేరియం, టైటానియం రెండింటిలో కదిలేది బేరియమే. టైటానియం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. టైటానియం డయాక్సైడ్ రేణువు బయట ముందుగా పల్చటి బేరియం టైటనేట్ పొర ఏర్పడుతుంది. తర్వాత బయటినుంచి వచ్చే బేరియం ఆ పొరనే తిని, దాన్ని డైబేరియం టైటనేట్‌గా మారుస్తుంది. ఈ దశలో రేణువును కోసి చూడగలిగితే పూర్ణం బూరెలా ఉంటుంది. నడుమ పూర్ణం టైటానియం డయాక్సైడ్, దాని చుట్టూ పల్చగా బేరియం టైటనేట్, అన్నిటికన్నా పైన డైబేరియం టైటనేట్. కార్బొనేట్ అంతా ఇక్కడితో ఖర్చయిపోతుంది, త్రాసు ఆగిపోతుంది. మిగిలిన పని ఆ తర్వాత మొదలవుతుంది. పై పొరలోని అదనపు బేరియం మెల్లగా లోపలికి నడిచి నడుమనున్న పూర్ణాన్ని చేరాలి. డైబేరియం టైటనేట్, టైటానియం డయాక్సైడ్ కలిసి రెండు పాళ్ల బేరియం టైటనేట్ అవ్వాలి. ఏ వాయువూ పోదు. బరువు గీత మీద ఒక్క గీటు కూడా పడదు. గంటలు పట్టే పని అంతా ఆ చదును గీత కిందే జరుగుతుంది.

అతిసన్నటి పొడులతో చేసిన తర్వాతి ప్రయోగాల్లో డైబేరియం టైటనేట్ కంటికి ఆనకుండానే చర్య ముగియడం కూడా చూశారు. నడక దూరం తగ్గితే మధ్యలో మజిలీ అవసరం తగ్గుతుంది. కాబట్టి డిజోన్ చిత్రం అన్ని పొడులకూ ఒకేలా వర్తిస్తుందని నేను అనను. మామూలు ముడిసరుకుతో పనిచేసేవాళ్లకు మాత్రం అది మనసులో ఉంచుకోవాల్సిన చిత్రం.

డైబేరియం టైటనేట్ మిగిలిపోతే ఏమవుతుంది? తేమను పట్టుకుంటుంది. ఆ రోజు నేను నొక్కిన బిళ్లల్లో కొన్నింటిని తొందరపడి కాల్చి అలమరలో పెట్టాను. వర్షాకాలం. కొన్ని రోజులకు తెరిచి చూస్తే రెండు బిళ్లలు అంచుల్లో పగిలి పొడిపొడి అయ్యాయి. పైకి చూడటానికి బాగా కాలినట్టే ఉన్న బిళ్లలవి. బేరియం ఎక్కువైన సిరామిక్‌లు ఇలా చెదిరిపోతాయని పుస్తకంలో చదవడం వేరు, అలమరలో చూడటం వేరు. పాళ్లు రెండోవైపు తప్పి టైటానియం ఎక్కువైతే ఇంకో ఇబ్బంది. 1320 డిగ్రీలు దాటాక రేణువుల మధ్య కొంత ద్రవం పుట్టి, కొన్ని రేణువులు పక్కవాటిని మింగి అడ్డదిడ్డంగా పెరుగుతాయి. మైక్రాన్ కన్నా పల్చటి పొరలో అలాంటి రేణువు ఒక్కటున్నా ఆ కెపాసిటర్ నిలవదు.

కాల్చే ఉష్ణోగ్రతను ఎంచుకోవడంలో చిక్కు ఇక్కడే. ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే చర్య పూర్తవుతుంది, కానీ రేణువులు బలిసిపోతాయి. కొత్త తరం కెపాసిటర్లకు నూరు, రెండు వందల నానోమీటర్ల రేణువులు కావాలి. తక్కువ వేడిలో ఆపితే రేణువులు సన్నగా ఉంటాయి, చర్య సగంలో ఉంటుంది. దీనికి పరిష్కారం కొలిమిలో కన్నా రోట్లోనే ఎక్కువగా ఉంది. కదలని టైటానియం తన రేణువు ఆకారాన్ని బేరియం టైటనేట్‌కు వారసత్వంగా ఇస్తుంది కాబట్టి సన్నటి టైటానియం డయాక్సైడ్ తీసుకుంటే సన్నటి ఫలితం వస్తుంది. కార్బొనేట్‌ను సన్నగా నూరితే చర్య తొందరగా మొదలవుతుంది. బరువు గీత అలా వంద డిగ్రీలు ఎడమవైపు జరిగితే, ఫ్యాక్టరీలో కొలిమి అంత చల్లగా నడుస్తుంది, రేణువు అంత చిన్నగా నిలుస్తుంది.

ఇదే చోట చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నిమిషానికి అయిదు, పది, ఇరవై డిగ్రీల చొప్పున వేరువేరు వేగాలతో వేడిచేస్తే గీత కుడివైపుకు జరుగుతూ పోతుంది. ఎంత జరిగిందన్నదాన్ని బట్టి చర్యకు కావాల్సిన ఉత్తేజక శక్తిని లెక్కకట్టే పద్ధతిని 1957లో అమెరికాలో కిసింజర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. చాలా అందమైన పద్ధతి. ఒకే మెట్టులో జరిగే చర్యకు చక్కగా పనికొస్తుంది. మన పొడిలో మాత్రం ఒకేసారి మూడు నాలుగు పనులు ఒకదాని మీద ఒకటి ఎక్కి నడుస్తాయి. పొర పుట్టడం, పొర మందమెక్కడం, వాయువు బయటికి దారి వెతుక్కోవడం, అన్నీ కలిసే ఉంటాయి. అన్నిటికీ కలిపి ఒకే అంకె రాస్తే, ఆ అంకె ఆ పొడికీ ఆ ముంతకూ మాత్రమే చెందుతుంది. ఇలాంటి అంకెలతో పట్టికలు నింపడం కన్నా, గీత ఏ ఉష్ణోగ్రతలో ఎందుకు వంగిందో వివరించడానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

వాయువు దారి అన్నాను కదా, అది చిన్న విషయం కాదు. బర్కిలీలో టెంపుల్టన్, పాస్క్ 1959లో ఇదే మిశ్రమాన్ని ఒకసారి గాలిలో, మరోసారి కార్బన్ డయాక్సైడ్‌లో కాల్చి పోల్చారు. చుట్టూ కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటే లోపలినుంచి రావాల్సిన వాయువు వెనకాడుతుంది. చర్య ఎక్కువ వేడికి జరుగుతుంది, డైబేరియం టైటనేట్ ఏర్పడటమూ అణిగిపోతుంది. ఇది ల్యాబు ముచ్చటే అనుకోవద్దు. టీజీఏ ముంతలో 20 మిల్లీగ్రాముల పొడి ఉంటుంది, దాని మీదుగా గాలి హాయిగా వీస్తుంది. ఫ్యాక్టరీలో అల్యూమినా పెట్టెల్లో కిలోలకొద్దీ పొడి జానెడు మందంలో పోసి కాలుస్తారు. అడుగున ఉన్న రేణువు వదిలిన వాయువు పైకి రావాలంటే ఆ పొడినంతా దాటుకుని రావాలి. అడుగు పొడి తాను వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో తానే మునిగి కాలుతుంది. మూతబెట్టిన గిన్నెలో అడుగున అన్నం, పైన అన్నం ఒకేలా ఉడకనట్టే. ఒకే పెట్టెలో పైపొర ఒక దారిలో, అడుగుపొర ఇంకో దారిలో బేరియం టైటనేట్ అవుతాయి. అందుకని ల్యాబు గీతలోని ఉష్ణోగ్రతను తీసుకెళ్లి కొలిమికి అలాగే పెట్టకూడదు. పెట్టెలో పొడిని పల్చగా పోయాలి, కొలిమిలో గాలి బాగా ఆడనివ్వాలి, 800, 900 డిగ్రీల మధ్య వేడిని నెమ్మదిగా ఎక్కించాలి. ఈ మూడింటిని చెప్పగలిగేది మాత్రం ఆ 20 మిల్లీగ్రాముల గీతే.

పొడి నిజంగా తయారైందని ఎక్స్‌రేతో పాటు వేడి గీతతోనూ సరిచూసుకోవచ్చు. ఆ తర్వాతి నెలల్లో నేను ప్రతి విడతకూ ఇది అలవాటు చేసుకున్నాను. వెయ్యికి పైన కొన్ని గంటలు కాల్చి, మళ్లీ నూరి, మళ్లీ కాల్చిన పొడిని చిటికెడు తీసి డీటీఏలో తిరిగి వేడిచేసేదాన్ని. గీత 800 దాటి, 811 దాటి, 820కి చేరుతుంది. గుంట లేదు. కార్బొనేట్ మిగల్లేదు. 1100 దాకా త్రాసూ కదల్లేదు.

ఇక చల్లార్చడం. అదే పొడిని వేడి రాకపోకలను కొలిచే డీఎస్‌సీ యంత్రంలో పెట్టి 200 డిగ్రీల నుంచి మెల్లగా దింపుతాను. దాదాపు అంతా జరిగిపోయిన తర్వాత, 120 డిగ్రీలకు అటూ ఇటూగా, గీత మీద చిన్న మిట్ట లేస్తుంది. అక్కడ విడుదలయ్యే వేడి గ్రాముకు ఒక జౌలు కన్నా తక్కువ. ఒక గ్రాము నీటిని పావు డిగ్రీ కూడా వేడెక్కించలేదు. సమఘనంగా ఉన్న స్ఫటికం ఆ ఉష్ణోగ్రతలో ఒక దిశలో కాస్త సాగుతుంది, నడుమనున్న టైటానియం ఒక పక్కకు ఒరుగుతుంది. విద్యుత్తును వెయ్యి రెట్లు దాచుకునే గుణమంతా ఆ ఒరుగులోనే ఉంది. పొడి మరీ సన్నదైతే ఆ మిట్ట వెడల్పై, నేలకు అణిగి, గీతలో కలిసిపోతుంది. ముతకగా ఉంటే సూదిమొనలా నిలుస్తుంది.

రెండో కాల్పు అయిన విడతలో ఆ మిట్ట 124 డిగ్రీల దగ్గర, చిన్నగా, స్పష్టంగా వచ్చింది. గీతను ప్రింట్ తీసి మా గైడు బల్ల మీద పెట్టాను. ఆయన ఈసారి త్రాసు గీత అడగలేదు.